చెవుల దాకా ఫోకస్

నిన్నటి గొడవ తర్వాత ఆమె భర్తను కిటికీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి కెమెరా అందుకుంది.

"లైటు చూసుకోవడానికి ఓ ముఖం కావాలి, అంతే. నీతో మాట్లాడుతున్నాననుకోకు."

"అనుకోలేదులే. తీసేశావా? ఏదీ, చూపించు... కళ్ళు బాగున్నాయి. చెవులేంటి, ఇలా మసకబారాయి?"

"అపర్చర్, అదే లెన్స్‌లో వెలుతురొచ్చే రంధ్రం, బాగా తెరిస్తే ఫోకస్ కళ్ళ వరకే ఉంటుంది. అయినా ఉన్నదున్నట్టే వచ్చాయిగా! నిన్న నా మాట ఒక్కటైనా వాటికెక్కిందా?"

"మరి అవి కూడా స్పష్టంగా రావాలంటే?"

"అపర్చర్ తగ్గించాలి. అప్పుడు ఈ వెలుతురు చాలదు."

అతను లేచి, కర్టెన్ పూర్తిగా పక్కకు లాగి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"ఇప్పుడు తియ్యి. ఉద్యోగం మానేసి స్టూడియో పెడతానన్నావే, ఆ సంగతి మొదట్నుంచీ చెప్పు."

"మధ్యలో అడ్డు రాకూడదు."

"ఎలా వస్తాను? ఫోటో అయ్యేదాకా కదలకూడదుగా."

"అయితే ఈ ఫోటోకి చాలాసేపు పడుతుంది."