పక్కనే ఉన్న పాదం

దుకాణం చిన్న గదిలోకి మారుతోంది. తాత బూట్లు కుట్టేముందు కాగితం మీద గీసుకున్న కస్టమర్ల పాదాలన్నిటినీ మనవరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించేసింది. తాతకి ఆ పెట్టె మీద పైసా నమ్మకం లేదు.

"పైన పేరు నొక్కితే కింద వాళ్ళ కాగితం కనిపిస్తుంది తాతా. చూడు, డాక్టరుగారు."

"ఓరి నాయనో! నేను గీసిందే! బొటనవేలి దగ్గర నా చెయ్యి వణికింది కూడా వచ్చిందే!"

"ఇప్పుడు అన్నీ పేర్ల వరసలో పెడతా... అయ్యో, పేరుకి బదులు పొడవు మీద నొక్కేశా. పాదాల సైజు వరసలో వచ్చేశాయి."

"ఉండు, మార్చకు! జడ్జిగారి పక్కన వీధులూడ్చే ఆవిడా? బతుకులో ఎప్పుడైనా పక్కపక్కన నిలబడ్డారటే వీళ్ళు?"

"ఇంకా కిందికి వెళ్దాం. ఇదిగో, ఇది నాది. మొన్న కొత్త ఉద్యోగం బూట్ల కోసం గీశావుగా."

"దాని కింద?"

"అచ్చం నాలాగే ఉందే! చిటికెనవేలు కూడా నాలాగే లోపలికి ముడుచుకుంది. ఎవరిది తాతా? కాగితం మీద పేరు లేదు."

తాత తెర మీద ఆ గీత వెంబడే మెల్లగా వేలు పోనిచ్చాడు.

"సొంత పెళ్ళాం కాగితం మీద పేరు ఎవడు రాసుకుంటాడే."

"నానమ్మదా? నేను పుట్టకముందే పోయిన నానమ్మదా?"

"అటక మీద గుడ్డలో చుట్టిన కొయ్య పాదాలున్నాయి, మీ నానమ్మ బూట్లు వాటి మీదే కుట్టేవాణ్ణి, దించు. నీ బూట్లకి కొత్తవి చెక్కక్కర్లేదు."