కాపలా వంతు

మంత్రగత్తెల వేట సాగిన రోజుల్లో, ఫైఫ్ సముద్ర తీరంలో, చర్చి గోపురం గదిలో, మంత్రగత్తె అని పట్టుకొచ్చిన ముసలి మంత్రసాని నిద్రపోకుండా పొరుగింటి గెలిస్ కాపలా కాస్తోంది.

"కళ్ళు తెరవవే ముసలిదానా! రెప్ప వాల్చావంటే నీ మొగుడు సైతాను వస్తాడు. మళ్ళీ పొడవనా అల్లిక సూదితో?"

"నీకు పురుడు పోసిన చేతులే ఇవి. ఎలా పొడిచావో చూడు గెలిస్."

"అందుకేగా నా పిల్ల పోయింది! నీతో తిరిగిన ఇంకో మంత్రగత్తె పేరు చెప్పు, హాయిగా పడుకుందువు."

"పొద్దున్నే, నువ్వు రాకముందే పాస్టరుగారికి చెప్పేశాను."

"మరి నన్నెందుకు కాపలా పెట్టినట్టు?"

"నీ వంతు ఎప్పుడో అయిపోయింది తల్లీ. నిన్ను ఇంటికి పంపడానికి ఎవరైనా వచ్చారా?"

"తలుపు తెరుచుకోవట్లేదేంటి? బయట గడియ పెట్టారు! ఎవరి పేరు చెప్పావే?"

"నేనింక పడుకుంటాను. నువ్వు మాత్రం రెప్ప వాల్చకు, నీ మొగుడొస్తాడు."