గుహలో రెండు పడవలు

గుహలో పారే ఏటిలో తోడికోడళ్ళ పడవ ముందు, వాళ్ళ మొగుళ్ళ పడవ వెనక.

“దేశం కాని దేశం తీసుకొచ్చినా అన్నదమ్ములు మారలేదక్కా. పొద్దున వేడినీళ్ళ కొలనులో కూడా ఎడమొహం పెడమొహమే. అలాంటివాళ్ళని ఒకే పడవెక్కించావు!”

“చెరో తెడ్డూ ఇచ్చాను. మాట్లాడుకోకపోతే పడవ ముందుకు కదలదు.”

“గానుగెద్దులా అక్కడే తిరుగుతోంది పాపం! సాయం వెళ్దామా?”

“నువ్వు నోరు మూసుకుని కూర్చో.”

చీకట్లోంచి తమ్ముడి గొంతు వినిపించింది. “అన్నయ్యా, నువ్వాగు! నేను లాగుతా!”

చిన్నకోడలు తెడ్డు వదిలేసింది.

“పంపకాల రోజు నుంచి ఇదే మొదటి మాట! గెలిచావక్కా!”

“ష్, వెనక్కి చూడకు! మనం విన్నామని తెలిస్తే మళ్ళీ బిగుసుకుపోతారు.”

అంటూనే పెద్దకోడలు వెనక్కి తిరిగి చూసింది.