ఈజిప్టు మందుముద్ద

గుత్తిలో విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఇమాంసాబ్ దగ్గర తాతలనాటి నల్లటి ఈజిప్టు మందుముద్ద ఒకటి ఉండాది. పరీక్షకని తీసుకపోయిన ల్యాబు ఉమాదేవి దాన్ని తిరిగిస్తానే ఆయన వాసన చూసినాడు.

“మార్చి తేలేదు గదమ్మా?”

“మీదే సాబ్. దీంట్లో తేనెమైనం, గుగ్గిలం, నారబట్ట పోగులు తేలినాయి.”

“అయితే? నా దుకాణం మూయించేకి వచ్చినావా?”

“ఈజిప్టులో శవాలు చెడకుండా పూసేది ఇదే. ఏదో పాతకాలం పీనుగు మీదనుంచి గీకి అమ్మినారు. నిజం చెప్పండి, దీన్ని ఎవురికన్నా ఇచ్చినారా?”

ఇమాంసాబ్ ఆమె మోచేతి దిక్కు చూసినాడు.

“చిన్నప్పుడు నేను కట్టు కట్టిన చెయ్యి బాగుండాదా?”

“బాగనే ఉండాది. యాల?”

“అప్పుడు నీకు పాలల్లో అరగదీసి తాపింది దీన్నే తల్లీ.”