ఏడో అడుగులో దూలం

పెద్దలారా, అమ్మలారా, నాతోపాటు ఈ గరిడిలో సాము నేర్చిన అన్నదమ్ములారా! జొన్నకోతలు వదులుకుని, ఇంత మంచులో వచ్చారు. మన షీ దెగుయి గురువుగారు మొన్న తెల్లవారేసరికి నిద్రలోనే వెళ్లిపోయారు. నాకింకా నమ్మకం కుదరడం లేదు. కలలో ఎవరో చెప్పిన మాటలా ఉంది.

మీకు గుర్తుందా? చౌడునేల మీద పొగమంచు కమ్మేది. మోకాళ్లు వంచి నిలబడేవాళ్లం. పక్కవాడు కనిపించేవాడు కాదు, ఆయన గొంతు ఒక్కటే ఎక్కడినుంచో వినిపించేది. మన సాము అడుగుల వరసలో, ఏడో అడుగులో తల ఎందుకు వంచుతామని అడిగేవారు. పడమటి కొండలు దాటి వచ్చి మనకీ విద్య ఇచ్చిన సన్యాసికి దణ్ణమని అందరం ఒక్క గొంతుతో చెప్పేవాళ్లం. మన తాతలూ అదే చెప్పారు. ఆయన ఊఁ అని ఊరుకునేవారు.

ఒక చలికాలం ఆయన ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలని పాత బండిబాట పట్టి పోయారు. వారానికి నుదుటి మీద రేగిపండంత బొప్పితో తిరిగొచ్చారు. మూడు ఊళ్ల అవతల, సరుకు బళ్లకు కాపలా వెళ్లేవాళ్ల కంచరగాడిదల కొట్టం ఒకటి పాడుబడి ఉందట. చక్రవర్తి సాము నిషేధించిన రోజుల్లో వాళ్లు అందులో తలుపులు మూసుకుని సాధన చేసేవారట. ఆయన అక్కడ నిలబడి మన వరస మొదలుపెట్టారు. వెలుతురులో దుమ్ము తేలుతుంటే, తన ముందు ఎవరో అవే అడుగులు వేస్తున్నట్టు అనిపించిందట. మనం మలుపు తిరిగే చోట గోడ వచ్చింది. ఏడో అడుగుకి దూలం వచ్చింది. చూద్దామని తల వంచకుండా వేశారు. "సన్యాసి కాదురా నాయనా, దూలం. ఇన్ని తరాలూ దూలానికి దణ్ణం పెట్టాం" అని బొప్పి తడుముకుంటూ నవ్వారు.

నాతో అని ఊరుకుంటే సరిపోయేది. మన మూలపురుషుడని కొలిచే ఆ సన్యాసి పండగనాడు, విందులో, అందరి ముందూ అన్నారు. గాడిదలు తోలుకునేవాళ్లా మన మూలపురుషులు? పెద్దలకు తల కొట్టేసినట్టయింది. మాట వెనక్కి తీసుకోమన్నారు. ఆయన తీసుకోలేదు. గురుపరంపర రాసిన పట్టుగుడ్డ మీద ఆయన పేరు కొట్టేశారు. కొట్టేశారు అంటున్నాను, ఎవరో చేసినట్టు. కొట్టేసింది నేను. ఈ చేత్తోనే.

పదకొండేళ్లు ఆయన ఈ గడప తొక్కలేదు. ఊరి బయట చౌట్లోనే, వచ్చినవాళ్లకు నేర్పారు. ఒకరోజు సిగ్గు చంపుకుని వెళ్లాను. ఏడో అడుగులో ఆయన ఇంకా తల వంచుతూనే ఉన్నారు. దూలమే కదా, ఇంకా ఎందుకన్నాను. "చలికీ సర్కారుకీ జడిసి కూడా మానలేదురా వాళ్లు. పేడలో నిలబడి మనకోసం దాచారు. వాళ్లకి వంచకపోతే ఈ తల ఎందుకు?" అన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. గంజి పోసి పంపారు. దారి పొడవునా ఏడ్చాను.

పరంపరలో పేరు లేనివాడి శవపేటికను శిష్యులు మొయ్యకూడదు. అది మన కట్టుబాటు. రేపు ఆయన్ని కూలివాళ్ల భుజాల మీద పంపుదామా? పట్టుగుడ్డ ఇదిగో. సిరా నూరి ఉంచాను. కొట్టేసిన పేరు తిరిగి రాయాలంటే గరిడి పెద్ద చేత్తో కుంచె ఇవ్వాలి, శిష్యుల్లో ఎక్కువమంది ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాళ్లు కూర్చునే ఉండండి, నేనేమీ అనుకోను. మిగిలినవాళ్లు లేచి, ఆయన పేరు మీద సిరా ఆరేదాకా మౌనంగా నిలబడండి.

లూ పెద్దయ్యా, గరిడి పెద్దగా ఆనాడు కుంచె నా చేతికిచ్చింది మీరే. మీకోసం చూస్తున్నాను.