పంచె మీద పడని బొట్టు

"ఒక్క బొట్టు కారలేదమ్మా," అని మొదలెట్టాడు సాంబమూర్తి. ఎప్పుడూ అక్కడే మొదలెడతాడు.

ఆటోనగర్‌లో నాగమల్లేశ్వరి టీ కొట్టు ముందు రెండు బల్లలుంటాయి. ఒకదాని మధ్యలో సాంబమూర్తి, పాత కార్ల ఇంజన్లు విప్పి కట్టే మేస్త్రీ. రెండోదాని చివర యేసుబాబు, ఎదురు షెడ్డులో ఇంజన్లలో తిరిగే క్రాంకు ఇరుసుల్ని గ్రైండింగ్ చేసేవాడు. ఈ కథ పద్దెనిమిదేళ్లుగా వింటున్నాడు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ గ్లాసులోకి చూడాలో అతనికి అలవాటైపోయింది.

ఇవాళ వినడానికి కొత్త మనిషి వచ్చింది. నలభై దగ్గర పడిన ఆవిడ, భుజాన ఆఫీసు బ్యాగు. వచ్చీ రాగానే, "సాంబమూర్తి గారంటే మీరేనాండీ? అంబాసిడర్ ఇంజన్ తెచ్చాను, మళ్లీ కట్టించాలి," అంది. రోడ్డు పక్కన ట్రాలీ ఆటోలో పట్టా కప్పిన ఇంజన్ ఉంది. తన పనితనం ఆవిడకి తెలియదేమోనని సాంబమూర్తికి అనుమానం వచ్చినట్టుంది.

"అంబాసిడరా? కూచిపూడి మాస్టారి అంబాసిడర్ కట్టింది నేనే. ఎక్కడ నిలబెట్టినా అరచేయంత నూనె మరక పెట్టేది, క్రాంకు వెనక బేరింగ్ దగ్గర్నుంచి కారి కారి మాస్టారి వాకిలంతా నల్లబడిపోయింది, ముగ్గురు మేస్త్రీలు చేతులెత్తేశాక నా దగ్గరకొచ్చారు. నేనేం చేశాను? అందరూ బేరింగ్ మూత అంచున గాస్కెట్ గమ్ము పల్చగా రాసి బిగిస్తారు. నేను అంచులకి రాశాను, మూతకి రాశాను, బేరింగ్‌ల వీపుకి కూడా దట్టంగా పట్టించాను. బిగించి, నా తెల్ల పంచె విప్పి కారు కింద పరిచాను."

"మరి నువ్వేం కట్టుకున్నావు?" అంది నాగమల్లేశ్వరి, టీ వడగడుతూ.

"షెడ్డులో లుంగీ ఉందిలే మల్లేశ్వరీ, కథ చెడగొట్టకు. తెల్లారి చూస్తే పంచె మల్లెపువ్వు. ఒక్క బొట్టు లేదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మాస్టారు దాన్ని హైదరాబాదు తీసుకెళ్లి తీసుకొచ్చారు. గేజి తీసి చూస్తే ఆయిల్ తగ్గలేదు సరికదా, వేలెడు పెరిగింది!"

"పెరగడమేంటి మేస్త్రీ?" అన్నాడు బల్ల మీద ఎవరో.

"బిగింపయ్యా, బిగింపు! ఆయిల్ బయటికి పోయే దారి లేక లోపలే పిల్లలు పెట్టింది. ఇదేం చూశారు, ఆ ఏడు వరదొచ్చింది. కరకట్ట మీద నిలబెట్టిన బండిని కృష్ణమ్మ ఎత్తుకుపోయింది. డ్రైవరు దిగలేదు, ఇంజన్ ఆపలేదు, నీళ్లలో మునిగి నడుస్తానే ఉంది, రేవులో బట్టలుతికేవాళ్లు హారన్ విని పక్కకి జరిగారు. హంసలదీవి దగ్గర సముద్రంలో కలవబోతుంటే పడవలోళ్లు వలేసి లాగారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజన్ విప్పాను. నీటి చుక్క లేదు. నేను బిగించిన రోజు పొద్దుటి గాలి అట్టాగే ఉంది లోపల. మూత తీయగానే గుప్పున మల్లేశ్వరి పునుగుల వాసన!"

బల్లలు నవ్వాయి. యేసుబాబు గ్లాసులోకి చూశాడు.

కొత్తావిడ నవ్వలేదు. "ఆ కారు మూడో రోజే ఆగిపోయిందండి," అంది.

"ఏ కారమ్మా?"

"మీరు చెప్పిందే. నా పేరు సంయుక్త. కూచిపూడి అచ్యుతరామారావు మాస్టారి అమ్మాయిని. హైదరాబాదు వెళ్లలేదు. పామర్రు దాటకుండానే ఇంజన్ పట్టేసింది. ఇక్కడ విప్పి చూసి పంపేశాక, అప్పట్నుంచీ మా ఇంటి షెడ్డులోనే ఉంది. ఆ ట్రాలీలో ఉన్నది అదే ఇంజన్."

సాంబమూర్తి తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "అది... క్రాంకు పాతదమ్మా. పైగా మాస్టారు ఆయిల్ చూసుకోకుండా బండి తీశారు. నేనప్పుడు మా అత్తారింటికి గుంటూరు వెళ్లాను. విప్పింది యేసుబాబే, కావాలంటే అడుగు."

"ఆ మాటే నాన్నగారికీ చెప్పారట," అంది సంయుక్త. "ఆ పొద్దున గేజి చూశానా లేదా అని ఇప్పటికీ అడుగుతుంటారు. అన్నం తింటూ అమ్మని అడుగుతారు, ఫోన్లో నన్ను అడుగుతారు. నాన్న చేతి బండిని నా చేతులతో చంపుకున్నానంటారు. తాతగారు కొన్న కారది. ఆ తర్వాత ఇక స్టీరింగ్ పట్టుకోలేదు. ఒక్కసారి ఇది తిరిగిన చప్పుడు వింటే ఆ దిగులు పోతుందేమోనని తెచ్చాను."

అందరూ యేసుబాబు వైపు తిరిగారు. సాంబమూర్తి మాటకి తల ఊపితే చాలు. పద్దెనిమిదేళ్ల కింద మాస్టారి ముందు ఊపిన తలే. స్నేహితుడికి అప్పుడప్పుడే పేరొస్తోంది, మాట పోకూడదనుకున్నాడు. మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అయితే నాదే పొరపాటా నాయనా," అని వెళ్లిపోయారు.

యేసుబాబు లేచి రోడ్డు దాటాడు. షెడ్డులో కొలత సామాను పెట్టుకునే సొరుగులోంచి గుడ్డలో చుట్టిన బేరింగ్ ముక్క తెచ్చి సాంబమూర్తి చేతిలో పెట్టాడు. సగం చేతిగాజులా వంగిన ముక్క. లోపలి వైపు కాలి నల్లబడింది. మధ్యలో ఆయిల్ వచ్చే కన్నం ఉండాలి. అక్కడ ఎండి గట్టిపడిన గమ్ము ఉంది.

"బేరింగ్ వీపు పొడిగా ఉండాలి సాంబా. అంచు మీద పల్చటి పూత చాలు. నువ్వు పట్టించిన గమ్ము పిండుకొచ్చి కన్నం మూసింది. పంచె మీద బొట్టు పడలేదు, నిజమే. క్రాంకుకీ బొట్టు అందలేదు."

సాంబమూర్తి అగ్గిపుల్లతో గమ్మును పొడిచాడు. పుల్ల విరిగింది. ఇంకో పుల్ల తీయలేదు.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదురా?"

"చెబుదామనే వచ్చాను. నువ్వు గుంటూరు నుంచి దిగి ఈ బల్ల మీదే కూర్చుని ఉన్నావు. అప్పటికే పంచె కథ పరిచేశావు. అందరూ నవ్వుతున్నారు. రేపు చెబుదాంలే అనుకున్నాను."

నాగమల్లేశ్వరి స్టవ్ మంట తగ్గించింది.

"మరి ఇంజన్..." అంది సంయుక్త.

"కట్టొచ్చమ్మా," అన్నాడు యేసుబాబు. "క్రాంకుకి గీతలు పడ్డాయి, గ్రైండింగ్ చేస్తే వస్తుంది. ఎవరితో కట్టించుకుంటారో మీ ఇష్టం. కానీ ఆ చప్పుడు మాస్టారి దిగులు తీర్చదు."

ఆవిడ ఇద్దర్నీ చూసింది. తర్వాత ఫోన్ తీసి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. "నాన్నా, ఆటోనగర్‌లో ఉన్నాను. వీళ్లు నీతో మాట్లాడతారట."

యేసుబాబు ముందుకు వంగబోతే సాంబమూర్తి చేయి అడ్డం పెట్టాడు.

"మాస్టారూ, సాంబమూర్తినండి. మీ బండి ఆయిల్ కన్నం నేనే మూసేశాను. తెలియక. తప్పు నాదేనండి."

ఇంకా ఏదో అంటాడని నాగమల్లేశ్వరి చూసింది. అనలేదు.

"నేను యేసుబాబునండి," అన్నాడు యేసుబాబు. "విప్పినప్పుడు ఇంజన్ కింద తొట్టి నిండా ఆయిల్ ఉంది. నా కళ్లతో చూశాను. చూసే మీతో అబద్ధం చెప్పాను."



"అయితే ఆ పొద్దున నేను గేజి తీసి చూశానన్నమాట," అన్నారు మాస్టారు.