చీట్ల సారు జిగురు

ఏంటమ్మలూ, కొత్త చెప్పుల అడుగు అలా వాసన చూస్తున్నావు? ఏమీ రాదులే. రాకుండా చేసినాయన ఒకడుండేవాడు. చీట్ల సారనేవాళ్ళం. మా బూట్ల ఫ్యాక్టరీలో జిగురు కలిపే గదికి కొత్తగా పనికి వచ్చాడు. బక్కపలచటి మనిషి, చొక్కాకి ఎప్పుడూ ఒక గుండీ తప్పి పెట్టుకునేవాడు. నేను తోలు కోసే దగ్గర, మీ అమ్మమ్మ అడుగులు అంటించే బెంచీ దగ్గర. ఆ పాత జిగురు ఘాటు నీకెలా చెప్పను? సాయంత్రానికి ఆడవాళ్ళకి తల దిమ్మెక్కిపోయేది. మీ అమ్మమ్మకైతే పొయ్యిమీద కూర మాడుతున్నా వాసన తెలిసేది కాదు. నేను నోరెత్తకుండా తినేవాణ్ణి. సరే, చెప్పొచ్చేది అది కాదు.

ఈయన ఘాటు లేకుండా నీళ్ళతో కలిపే జిగురు చేస్తానన్నాడు. యజమానేమో, "వానలు మొదలయ్యేలోపు పట్టు రాకపోతే పాతదే వాడతాం, నువ్వు వేరే పని చూసుకో" అన్నాడు. అంతకుముందువాళ్ళు ఎలా చేసేవాళ్ళంటే, ఇవాళ చిక్కదనానికి వేసే బంక పెంచి చూడు, రేపు వేడి పెంచి చూడు. ఒకటి మారిస్తే మిగతావి కదపకూడదు. ఈయన అన్నీ కలిపి మార్చేస్తాడు. ఇష్టమొచ్చినట్టు కాదమ్మా, గళ్ళు గీసుకుని, ఏది దేనితో జతపడాలో ముందే లెక్క కట్టుకుని. "విడివిడిగా చూస్తే రెండూ కలిసి ఏం చేస్తాయో ఎవరు చెప్తారు?" అనేవాడు. ఇక ఏ రకం జిగురుతో ముందు అంటించాలో దానికి మీ అమ్మమ్మ చేత చీట్లు తీయించేవాడు. పొద్దున చేతుల్లో ఉన్న సత్తువ సాయంత్రానికి ఉండదు కదా, ఆ తేడా ఒకే రకం నెత్తిన పడకూడదట. జిగురు చేస్తున్నాడా లాటరీ ఆడిస్తున్నాడా అని నవ్వుకునేవాళ్ళం.

తీరా చూస్తే అన్నీ పట్టేశాయి. యజమాని భుజం తట్టాడు. ఈయనొక్కడే మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. "పట్టదని తెలిసి కలిపినవి కూడా ఎలా పట్టాయి? అన్నీ బాగుంటే ఏది మంచిదో నాకెలా తెలుస్తుంది?" అని. మీ అమ్మమ్మ నసిగింది, "మళ్ళీ ఆ ఘాటు వస్తుందేమోనని, మీ పని పోతుందేమోనని... పల్చగా ఉన్నవాటిని మేమే ఇంకాస్త గట్టిగా నొక్కాం సార్." తిడతాడనుకున్నాం. "అమ్మా, నా మీద జాలి ఉంటే గట్టిగా నొక్కకండి. ఊడిపోయేదాన్ని ఊడిపోనివ్వండి" అన్నాడు.

మళ్ళీ మొదటికొచ్చింది పని. ఈసారి చాలా ఊడిపోయాయి, ఆయన మాత్రం ఈలేసుకుంటూ తిరిగాడు. బంక ఒక్కటే పెంచితే లాభం లేదు, వేడొక్కటే పెంచినా లేదు. రెండూ కలిసి పెరిగినచోట నేను కత్తి దూర్చినా అడుగు కదల్లేదు. ఆ జిగురే వాడటం మొదలెట్టిన కొన్నాళ్ళకి మీ అమ్మమ్మకి వాసనలు తెలిశాయి. ముందు నన్నే నిలదీసింది, "ఇన్నాళ్ళూ ఈ మాడుకంపే తింటున్నారా?" అని.

మంచి మనిషమ్మా. ఎక్కువకాలం ఉండలేదు. మంచాన పడ్డాడని తెలిసి అందరం చూడ్డానికి వెళ్ళాం. "తేరుకున్నారు సార్, మొహంలో కళొచ్చింది" అని తలా ఒక మాట అంటున్నారు. మీ అమ్మమ్మ కూడా నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపి, "మీరు కూడా గట్టిగా నొక్కకండమ్మా" అన్నాడు. మీ అమ్మమ్మ ఆ చెయ్యి పట్టుకుని, "బాగా చిక్కిపోయారు సార్. చూస్తుంటే భయమేస్తోంది" అంది. ఆయన తల ఊపాడు. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు...

ఏదీ, ఆ చెప్పులు వేసుకుని అలా నడువు. పట్టీ బిగుతుగా ఉందేమో చూద్దాం.